వాకీలో బావ గొంతు

బస్వరాజ్ చేసిన పని పగవాడు కూడా చేయడు. పగవాడు ఎదురుగా వస్తాడు, చేతిలో కర్ర కనిపిస్తుంది, మనిషి తప్పుకుంటాడు. బస్వరాజ్ అక్క మొగుడై వచ్చాడు. బావా అని పిలిపించుకున్నాడు. పక్కన నిలబడి, వేలు ఎక్కడ పెట్టాలో చెప్పి మరీ పెట్టించాడు.

ఆ బస్వరాజే ఈ పొద్దు మొదటి బస్సు దిగి వచ్చి వీరేశ్ ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. నీడ జరిగి ఎండ అరుగెక్కింది. ఇంతవరకు ఇంట్లోంచి ఒక్కరు కూడా ఆయనకు మంచినీళ్లు ఇవ్వలేదు.

నారాయణఖేడ్‌లో ఇంటల్లుడిని దాహంతో కూర్చోబెట్టిన ఇల్లు లేదు. అందుకే ఎదురింటి పుష్పమ్మ చాట పట్టుకుని గడపలో కూర్చుంది. చాటలో కందులు ఉన్నాయి. ఒక్క గింజ చెరగటం లేదు.

వీరేశ్ తల్లి కిష్టవ్వ నీళ్ల చెంబుతో గడప లోపలే నిలబడింది.

"గడప దాటకు అవ్వా," వీరేశ్ మంచం మీంచి లేవకుండానే అన్నాడు.

"పొద్దటి సంది కూసున్నడు బిడ్డా. దాహమని కుక్క వస్తే పొయ్యమా?"

"కుక్కకు పొయ్యి. నేనద్దన్ననా?"

పొయ్యి దగ్గర వీరేశ్ భార్య భాగ్య నవ్వింది. రొట్టె తడుతున్న చెయ్యి ఆపకుండానే నవ్వింది.

"నీళ్లకు రాలే అత్తా," బయటి నుంచి బస్వరాజ్ అన్నాడు. "బామ్మర్దితోని ఒక్క మాట మాట్లాడి పోత."

"మాట్లాడు అన్నా, మాట్లాడు." భాగ్య గొంతు వాడకట్టంతా వినబడేలా లేచింది. "ఇంక మిగిలిందేమన్న ఉన్నదా అని సూడనీకొచ్చినవేమో. ఉన్నయి. ఒక బర్రె ఉన్నది, ఒక ఆటో ఉన్నది, నేనున్న. ఏలు ఏడ పెట్టాలె? ఎడమ చెయ్యా, కుడి చెయ్యా?"

పుష్పమ్మ చాట పక్కన పెట్టేసింది. ఇక దాని అవసరం లేదనుకుంది.

బస్వరాజ్ తల దించుకున్నాడు. ఆయన తల దించుకోవటం అంతకు ముందు ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. ముప్పై మంది క్రేను పనివాళ్ల గ్యాంగును నడిపించే మనిషి, తెల్ల అంగీ జేబులో రెండు ఫోన్లు, ఊళ్లో ఏ పెండ్లికి వచ్చినా ముందు వరుస కుర్చీ. అంత మనిషి ఎండలో చెమట తుడుచుకోకుండా కూర్చున్నాడు.

"నార్సింగి సైటుల క్రేను పైకెత్తాలె, వీరేశ్," అన్నాడు. "బిల్డింగు క్రేను దాంక వచ్చేసింది. హుక్కు కింద జాగ లేదు. పై స్లాబు పోయనీకి వస్తలేదు. బీహారు ఆపరేటరు పెండ్లని పోయి మల్ల రాలే."

"ఇంకోన్ని తెచ్చుకో."

"తెస్తనన్న. ఇంజినీరు ఒప్పుకుంటలేడు. వీరేశ్ కూసుంటెనే జాకీ పెట్టు, లేకపోతే నీ గ్యాంగును తీస్కొని గేటు బయటికి పో అన్నడు. ఒక్క సైటు గాదు, అన్ని సైట్లు పోతయి. బేస్తారం దాంక టైమిచ్చిండు."

వీరేశ్ పైకప్పు రేకు వైపు చూస్తూ పడుకున్నాడు.

క్రేను పైకెత్తటమంటే తెలియనివాళ్లు ఇంకో పెద్ద క్రేను వచ్చి దాన్ని ఎత్తుతుందనుకుంటారు. అంత పెద్దది ఎక్కడిది? టవర్ క్రేను తనను తానే ఎత్తుకుంటుంది. కింద నిలువుగా ఇనుప స్తంభం. పైన తల, అందులోనే నడిపేవాడి కేబిన్. తలకు ఒక పక్క పొడుగాటి చెయ్యి, ఇంకో పక్క సిమెంటు దిమ్మెల బరువు. ఎత్తాల్సి వచ్చినప్పుడు తలకూ స్తంభానికీ మధ్య ఉన్న బోల్టులు విప్పేస్తారు. స్తంభం చుట్టూ తొడిగిన పంజరం లాంటి చట్రం ఒక్కటే అప్పుడు ఆ తలను మోస్తుంది. జాకీ నూనె ఒత్తిడితో తలను కొంచెం పైకి నెడుతుంది. ఆ సందులోకి కొత్త ఇనుప ముక్క దూర్చి బోల్టులు బిగిస్తారు.

బోల్టులు విప్పినప్పటి నుంచి మళ్లీ బిగించే దాకా క్రేను తక్కెడ లాంటిది. హుక్కుకు ఒక బరువు తగిలించి, అది సరిగ్గా ఎక్కడ ఉంటే రెండు పక్కలూ సమంగా నిలుస్తాయో అక్కడ ఉంచుతారు. కేబిన్‌లో మనిషి లివర్ల మీంచి చేతులు తీసేయాలి. తల అటూ ఇటూ ఒక్క బెత్తెడు తిరిగినా తక్కెడ ఒరుగుతుంది. ఒరిగితే మళ్లీ నిలబెట్టేవాడు లేడు.

ఆ కేబిన్‌లో వీరేశ్ పన్నెండేళ్లు కూర్చున్నాడు. ఇప్పుడు మనూర్ రోడ్డు మీద షేర్ ఆటో తోలుతున్నాడు.

"ఎందుకు వదిలేసినవ్ రా ఆ పని, మంచిగుండె గదా," అని ఆటో ఎక్కినవాళ్లు అడిగితే, ఎత్తు పడటం లేదని చెబుతాడు. అసలు సంగతి వేరు. ఎత్తు కాదు, ఆ గొంతు పడటం లేదు.

కేబిన్‌లో కూర్చున్నవాడికి కింద సగం కనపడదు. బరువు బిల్డింగు వెనక్కి దిగితే ఏమీ కనపడదు. అప్పుడు చేతిలో వాకీటాకీయే కన్ను. కింద నిలబడ్డ సిగ్నల్‌మ్యాన్ చెబుతూ ఉంటాడు, పైవాడు దించుతూ ఉంటాడు. దించు, దించు, ఆస్తే, మెల్లగ, ఇంకింత, బస్. మాట ఆగిందంటే చెయ్యి ఆగాలి. ఇదొక్కటే చట్టం. ఎందుకని అడగకూడదు. అడిగే లోపల కింద ఒకడి కాలు పోతుంది.

పన్నెండేళ్లు వీరేశ్ వాకీలో గొంతు బస్వరాజ్‌దే. చూడని చోట ఎన్ని వేల బరువులు దించాడో, ఒక్కటి కూడా తప్పుగా దిగలేదు. ఆ గొంతు దించమంటే దించటం చేతికి అలవాటైపోయింది. చెవి వింటే చాలు, బుర్ర దాకా పోనవసరం లేదు.

నాయిన సంగప్ప చనిపోయిన ఏడాది తహసీల్ ఆఫీసులోనూ అదే గొంతు పక్కన నిలబడింది. "నాయిన భూమి నీ పేరు మీదికి ఎక్కాలె. రెండు మాట్ల ఏలు పెట్టాలె బామ్మర్ది." మొదటిసారి పెట్టాడు. ఆ రోజు భూమి వీరేశ్ పేరు మీదికి ఎక్కింది. వారం తిరిగాక రెండోసారి పిలిచాడు. "పెట్టు. ఇంకింత గట్టిగ. బస్." ఇష్టంతోనే పెడుతున్నావా అని ఆఫీసరు అడిగాడు. బస్వరాజ్ చెవి దగ్గర "ఊ అను" అన్నాడు. వీరేశ్ ఊ అన్నాడు.

ఆ ఊతో భూమి బస్వరాజ్ పేరు మీదికి పోయింది. వెంటనే అక్కడి నుంచి ప్లాట్లు కొట్టేవాళ్ల చేతికి పోయింది. నాయిన సమాధికి సున్నం వేద్దామని బకెట్టు పట్టుకుని పోయిననాడు వీరేశ్‌కు తెలిసింది. ఎర్రవీ పచ్చవీ రాళ్లు పాతి ఉన్నాయి. నాయినను వాళ్ల ఆచారం ప్రకారం విభూతి పూసి, కూర్చోబెట్టి మట్టి చేసిన చిన్న మడి మీంచి మొరం రోడ్డు పోయింది. ఆ మడి ఎంతో ఇప్పటికీ ఆ ఇంట్లో ఎవరూ నోటితో అనరు.

"నీకు భూమి గురించి కోపమున్నది," అరుగు మీంచి బస్వరాజ్ అన్నాడు. "నేను కాదంటలేను. నాకు అప్పుడు తిప్పలుండె. గ్యాంగు మొదలువెట్టిన కొత్త. మల్ల కొనిస్తననుకున్న."

"నాయిననా?" వీరేశ్ అడిగాడు.

బస్వరాజ్ జేబులో ఫోన్లు సర్దుకున్నాడు.

"నాయినను మల్ల కొనిస్తవా బావా? ఏ బజార్ల దొరుకుతడు?"

కిష్టవ్వ చేతిలో చెంబు ఒరిగి, నీళ్లు గడప మీద ఒలికాయి.

అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది. కల్హేర్ నుంచి సుహాసిని దిగింది. వీరేశ్ అక్క, బస్వరాజ్ భార్య. కొంగు బొడ్లో దోపుకుని, మొగుడి వంక చూడకుండా, నేరుగా గడప దాకా వచ్చి ఆగింది. పుట్టింటి గడప దాటాలా వద్దా అని ఆమె ఆగటం అదే మొదటిసారి.

"రా వదినె, లోపటికి రా," భాగ్య పిండి చేతులతో లేచి వచ్చింది. "నీకేమన్న అడ్డమున్నదా? ఇల్లింకా మీ ఆయన అమ్మలే."

"భాగ్యా, నన్నెన్నన్న అను. తమ్మీ, నువ్వు పో. ఒక్కసారి పోయి కూసొని రా."

"నీకు తెల్వకుంటనే అయ్యిందా వదినె గదంత?"

సుహాసిని చేతి గాజుల వైపు చూసుకుంది. కొత్త గాజులు. కొంగు లాగి కప్పుకుంది.

ఆ కప్పుకోవటం వీరేశ్ చూశాడు. మంచం మీంచి లేచి కూర్చున్నాడు. పొద్దటి నుంచి అతను లేవటం ఇదే మొదలు. ఇంట్లో అందరూ అతని మొహం చూశారు. ఆ మొహం మీద కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని భాగ్యకు కూడా అనిపించింది.

"వస్త బావా," అన్నాడు.

బస్వరాజ్ గబుక్కున లేచి నిలబడ్డాడు. "నాకెరుక బామ్మర్ది, నువ్వు కాదనవని..."

"ఆగు. మాట పూర్తిగాలే. నేను కేబిన్ల కూసుంట. నువ్వు కింద ఉండొద్దు. పంజరంల ఉండాలె. బోల్టులు విప్పేటప్పుడు, జాకీ లేపేటప్పుడు, బిగిచ్చేదాంక. నా కాళ్ల కింద."

బస్వరాజ్ మళ్లీ అరుగు మీద కూర్చున్నాడు.

వాడకట్టులో ఎవరికీ తెలియని సంగతి ఆ ఇద్దరికీ తెలుసు. క్రేన్ల మీద బతికిన బస్వరాజ్ ఒక్కనాడూ క్రేను ఎక్కలేదు. నిచ్చెన మీద ఇద్దరు మనుషుల ఎత్తు పోతే ఆయన కాళ్లు పని చేయవు. పంజరంలో పనంతా గ్యాంగులోని లాజరు చూస్తాడు. బస్వరాజ్ కింద గొడుగు వేసుకుని వాకీలో చెబుతాడు.

"ఆయనకు పైన పడదు తమ్మీ," సుహాసిని అంది. "నీకెరుక గదా."

"ఎరుక."

"ఎరుకై అంటున్నవా?"

"ఎరుకయ్యే అంటున్న."

సుహాసిని తమ్ముడి దగ్గరికి వచ్చి, మంచం పక్కన నేల మీద కూర్చుంది. గొంతు తగ్గించింది. కానీ ఆ ఇంట్లో అప్పుడు ఎంత మెల్లగా అన్నా వినబడేంత నిశ్శబ్దం ఉంది.

"బోల్టులు విప్పినంక నీ చెయ్యి జర్ర జరిగితే ఏమైతదో నాకు తెల్వదనుకున్నవా? పెండ్లయిన సంది అన్నం తినుకుంట ఆయన చెప్పే ముచ్చట గదే."

"నా చెయ్యి జరగదు అంటే నమ్ముతవా అక్కా?"

సుహాసిని నోరు తెరిచింది. మొగుడి వంక చూసింది.

"సూసినవా. నువ్వు నమ్ముతలేవు. నేను నమ్మిన. కాగితంల ఏమున్నది అని అడగలే. పెట్టు అంటె పెట్టిన, ఊ అను అంటె ఊ అన్న. గిప్పుడు మీ వంతొచ్చింది. నా చేతులేడున్నయో బావకు కనపడయి. నేను చెప్పింది నమ్మాలె. గంతే."

"నీ అక్క బొట్టు తోని ఆడుతున్నవ్ రా," కిష్టవ్వ అంది.

"నీ పెనిమిటి సమాధి మీద లారీలు తిరుగుతున్నయ్ అవ్వా. దానికెవ్వలు ఏడ్వలే."

కిష్టవ్వ కొడుకు వంక చాలాసేపు చూసింది. కడుపున పుట్టినవాడేనా అన్నట్టు చూసింది. సంగప్పకు కోపం వస్తే ఇలాగే గొంతు తగ్గేదని ఆమెకు గుర్తుకు వచ్చింది కాబోలు, తల తిప్పుకుంది.

బస్వరాజ్ అరుగు దిగాడు. వెళ్లిపోతున్నాడనుకున్నారు. వాకిట్లో రెండడుగులు వేసి ఆగాడు. జేబులో ఒక ఫోన్ మోగింది. తీసి చూసి, ఆపి, జేబులో పెట్టుకున్నాడు. అది ఇంజినీరు ఫోనని చెప్పనక్కర్లేదు.

"ఎక్కుత," అన్నాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"ఇగ నీళ్లియ్యి అవ్వా," వీరేశ్ అన్నాడు. "అల్లునికి."

కిష్టవ్వ గడప దాటింది. బస్వరాజ్ రెండు చేతులా చెంబు అందుకుని ఎత్తి పోసుకున్నాడు. నీళ్లు గడ్డం మీంచి కారి అంగీ తడిసింది.

"బోరంచ పోశమ్మ ముంగట కోసే యాట మీద గిట్లనే నీళ్లు చల్లుతరు," భాగ్య వాకిలి పట్టుకుని అంది. "అది ఒళ్లు జాడిస్తె, అమ్మ ఒప్పుకున్నట్టు."

ఎందుకో గాని, సరిగ్గా అప్పుడే బస్వరాజ్ భుజాలు ఒక్కసారి జాడించాడు.

పుష్పమ్మ చాట తీసుకుని లోపలికి పోయింది.

బేస్తవారం నార్సింగిలో గాలి లేదు. గాలి ఉంటే ఈ పని చేయరు.

వీరేశ్ నిచ్చెన ఎక్కి కేబిన్‌లో కూర్చున్నాడు. సీటు మీద బీహారతను వదిలిపోయిన తువ్వాల ఉంటే మడిచి పక్కన పెట్టాడు. లివర్లు తన చేతులు పట్టిన చోట నున్నగానే ఉన్నాయి. ఇనుముకు మనిషి గుర్తుంటాడు.

హుక్కుకు బరువు తగిలించాక, దాన్ని మోసే ట్రాలీని క్రేను చెయ్యి మీద మెల్లగా బయటికి జరిపాడు. తల సమంగా నిలిచింది.

కాళ్ల కింద పంజరంలోకి బస్వరాజ్ రావటానికి చాలాసేపు పట్టింది. మధ్య మధ్య ఆగి నిచ్చెనను కావలించుకున్నాడని లాజరు తర్వాత చెప్పుకుని నవ్వాడు. అప్పుడు మాత్రం నవ్వలేదు. "సేఠూ, కిందికి సూడకు. నా అంగీ సూడు, నా అంగీ బొక్కలు లెక్కవెట్టు," అంటూ చెయ్యి పట్టి లాక్కున్నాడు. నడుముకు తాడు కొక్కెం తగిలించాడు.

బోల్టులు విప్పారు. చివరి బోల్టు బయటికి వచ్చినప్పుడు క్రేను మొత్తం చిన్నగా నిట్టూర్చినట్టు కదిలింది. వీరేశ్‌కు ఆ కదలిక వెన్నులో తెలుసు. బస్వరాజ్‌కు కొత్త. పంజరంలోంచి చిన్న కేక వినబడింది.

జాకీ లేచింది. తల పైకి జరిగింది. స్తంభానికీ తలకూ మధ్య సందు పడింది. ఆ సందులోంచి ఆకాశం కనిపించింది.

"వీరేశ్," వాకీలో బావ గొంతు. పన్నెండేళ్ల గొంతే, కానీ నీళ్లలో మునిగినట్టుంది. "చేతులు తీసినవా?"

తీసిన అని చెప్పాలి. అది విన్నాకే కొత్త ముక్క లోపలికి నెట్టాలి.

వీరేశ్ చేతులు రెండూ ఒడిలో ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి, గుడిలో కూర్చున్నవాడిలా పెట్టుకున్నాడు. కింద ఉన్నవాళ్లకు అది కనపడదు.

అతను ఏమీ చెప్పలేదు.

మాట ఆగితే పని ఆగాలి. జాకీ ఆగింది. సైటంతా ఆగింది.

"వీరేశ్. బామ్మర్ది. చేతులు తీసినవా లేదా?"

"ఏమైంది పైన?" కింది నుంచి ఇంజినీరు గొంతు. ఆ వాకీ అందరి దగ్గరా ఉంది. గేటు దగ్గర కాపలావాడు, కంకర దగ్గర మేస్త్రీ, బస్వరాజ్ గ్యాంగులో చిన్నా పెద్దా, అందరూ తలెత్తి చూస్తున్నారు.

వీరేశ్ వాకీ బటన్ నొక్కాడు. ఒకడు నొక్కి పట్టుకుంటే మిగతా అందరూ వినాల్సిందే.

"బావా. నీ గొంతు మంచిగనే వినబడుతున్నది. అందరికి వినబడుతున్నది. ఒక్క ముచ్చట చెప్పు. తహసీల్ ఆఫీసుల నాతోని ఏలు పెట్టిచ్చి తీస్కున్న భూమి ఎంత?"

వదిలాడు. వాకీలో బుసబుసమని శబ్దం మాత్రమే వచ్చింది.

"గిప్పుడా వీరేశ్? గీడనా?" బస్వరాజ్ ఏడుపు గొంతు. "కిందికి పోయినంక..."

"చెప్పినంక పోదం."

"చెప్పు సేఠూ," లాజరు అరుపు వాకీ లేకుండానే కేబిన్ దాకా వచ్చింది. "నీ భూములేమో, నీ ఏళ్లేమో. నాకు ఇద్దరు పిల్లలున్నరు, చెప్పు."

"రెండెకరాలు," బస్వరాజ్ అన్నాడు.

అని ఆపాడు. చిన్న ముక్కను వదిలేసి ఆపాడు. అది లెక్కలోకి రానట్టు ఆపాడు.

వీరేశ్ కుడి చెయ్యి ఒడిలోంచి లేచింది. లేవాలని అతను అనుకోలేదు. పోయి లివరు మీద వాలింది. వేళ్లకు నున్నటి ఇనుము తగిలింది. తల తిప్పే లివరు అదే.

ఎక్కడి నుంచో సన్నగా గాలి మొదలైంది. కేబిన్ అద్దం మీద దుమ్ము కదిలింది.

"దిగేదాంక మాట మధ్యల ఆపొద్దని నువ్వే నేర్పినవ్ బావా," అన్నాడు. "పూర చెప్పు. నాయిన కూసున్న జాగ తోని కలిపి చెప్పు."

కింద సైటులో మిక్సరు కూడా ఎవరో ఆపేశారు.

వాకీలో బటన్ నొక్కిన టిక్కు వినిపించింది. ముందు ఊపిరి వచ్చింది. తర్వాత గొంతు వచ్చింది.

"రెండెకరాల పదకొండు గుంటలు."